తీరిక ఏ పద్దులో ఉంది?

బడ్జెట్ అనే మాట కనపడగానే మనలో చాలామందిమి పేజీ తిప్పేస్తాం. కథ, కవిత, స్త్రీల చరిత్ర మనవనీ, అంకెలు మరెవరివో అనీ మనకు చిన్నప్పుడే నూరిపోశారు. కానీ స్త్రీ రాయాలంటే తనకంటూ ఒక గదీ, ఏడాదికి 500 పౌండ్లూ ఉండాలని వర్జీనియా ఉల్ఫ్ 1929లో అన్నప్పుడు ఆమె చేసింది బడ్జెట్ ప్రతిపాదనే కదా! గది ఒకసారి కడితే ఏళ్ళ తరబడి ఉంటుంది. 500 పౌండ్లు మాత్రం ఏటేటా చేతికి అందాలి. ప్రభుత్వ భాషలో మొదటిదాన్ని మూలధన వ్యయమంటారు, రెండోదాన్ని రెవెన్యూ వ్యయమంటారు. ఈ రెండిట్లో ఏది లేకపోయినా తీరిక లేదు.

ఉల్ఫ్ రాసే స్త్రీ గురించి మాట్లాడింది. రాయని స్త్రీ సంగతేమిటి? తెల్లారి కొండ దిగి, మూట దించి, అమ్ముకుని, మళ్ళీ కొండెక్కే స్త్రీకి కాసేపు నడుం వాల్చే చోటు ఎవరు కట్టాలి? దాన్ని ఎవరు ఊడ్వాలి? ఆ ఊడ్చిన మనిషికి కూలి ఎవరివ్వాలి? అరకు లోయలో ఒక పార్కు ప్రణాళిక కాగితాలు చదవాల్సి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు నన్ను పట్టుకున్నాయి. ఇప్పటికీ వదల్లేదు.

నేను విశాఖపట్నంలో ముప్ఫై ఏళ్ళు అర్థశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి లోయలో పొదుపు సంఘాలతో కలిసి పనిచేస్తోంది. ఒకరోజు ఫోన్ చేసి, "మేడమ్, మా పంచాయతీలో పార్కు కడతారట. కాగితాలు ఇచ్చారు. ఎవరికీ అర్థం కావడం లేదు. ఒకసారి వచ్చి చదివి పెడతారా?" అంది. ఆ పంచాయతీ పేరు ఇక్కడ అనవసరం. లోయలో చాలా పంచాయతీల కథ అదే.

కాగితాల్లోకి వెళ్ళేముందు అరకు గురించి ఒక సంగతి చెప్పాలి. అరకును చూసిన వాళ్ళు దాన్ని పల్లె అనరు, టౌన్ అనే అంటారు. రైల్వే స్టేషను, లాడ్జీలు, హోటళ్ళు, సీజన్లో రోడ్డు పొడవునా నిలిచిపోయే కార్లు. చట్టం దృష్టిలో మాత్రం అది గ్రామ పంచాయతీ. అయిదో షెడ్యూలు ప్రాంతం కాబట్టి మునిసిపాలిటీలకు సంబంధించిన రాజ్యాంగ భాగం అక్కడ నేరుగా వర్తించదు. 243 జెడ్‌సి అధికరణం ప్రకారం దాన్ని షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించాలంటే పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాలి. 2001లో అలాంటి బిల్లును రాజ్యసభలో పెట్టారు. అది చట్టం కాలేదు. పల్లెలకైతే 1996 డిసెంబరులో పెసా చట్టం వచ్చింది. పల్లె పేరుతో ఉండి పట్నంలా పెరుగుతున్న అరకు లాంటి ఊళ్ళు ఈ రెంటికీ మధ్య ఉండిపోయాయి.

దీనివల్ల ఏమవుతుంది? మన ఊళ్ళలో మునిసిపాలిటీకి ఉన్నట్టు అరకుకు పార్కుల విభాగం లేదు. ఊరి పార్కుల ఖర్చంతా ఒకచోట కనిపించే బడ్జెట్ పుస్తకమూ లేదు. పద్మాపురం తోట ఐటీడీఏది. బొర్రా గుహల నిర్వహణ పర్యాటకాభివృద్ధి సంస్థది. అడవిలో ఉన్నవి అటవీ శాఖవి. పంచాయతీకి మిగిలేది వీధి దీపాలు, చెత్త, తాగునీరు. ఇక కేంద్రం నుంచి వచ్చే పథకాలు పైనుంచి దిగుతాయి. స్వదేశ్ దర్శన్ రెండో విడతలో అరకు, లంబసింగిలను కలిపి ఎంపిక చేసి, బొర్రా గుహల దగ్గర సందర్శకుల సౌకర్యాల కోసం దాదాపు 30 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. ఇన్ని చేతులు కలిసి వండే వంటలో ఊరి స్త్రీలను రుచి చూడమన్న వాళ్ళు లేరు.

పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైందని అక్కడికి వెళ్ళిన ప్రతివాళ్ళకీ చెబుతారు. ఇప్పుడక్కడ గులాబీ మళ్ళు, చెట్ల మీద కుటీరాలు ఉన్నాయి. కూరగాయల తోటగా ఉన్నప్పుడూ, పూలతోట అయ్యాకా దాని ఫలం తినే వాళ్ళు పైనుంచి వచ్చినవాళ్ళే. కలుపు తీసే చేతులు మాత్రం లోయవి. ఆ తోటను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. విశాఖ నుంచి ఎన్నోసార్లు పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి ఆ చెట్ల కింద హాయిగా కూర్చున్నదాన్నే. నా తీరిక వెనక ఎవరి పని ఉందో లెక్కలో రాయాలంటున్నాను.

ఇక మా పంచాయతీ కాగితాలు. ముఖద్వారం ఆర్చి, ప్రహరీ, టికెట్ కౌంటరు, టైల్స్ పరిచిన నడకదారి, సెల్ఫీ పాయింటు, ఫుడ్ కోర్టు, కార్ల పార్కింగ్. ఒక్కో దాని ఎదురుగా లక్షల్లో అంకె. సుమారు నలభై మంది ఆడవాళ్ళు బడి వరండాలో కూర్చున్నారు. నేను తెలుగులో చదువుతుంటే నా పాత శిష్యురాలు ఆదివాసీ ఒరియాలో చెబుతోంది. అంతా విన్నాక ఒక పెద్దావిడ తెలుగులోనే అడిగింది.

"ఇందులో మేం కూకునే సోటేదమ్మా?"

నేను కాగితం మళ్ళీ చూశాను. బెంచీలు ఉన్నాయి. కానీ టికెట్ కౌంటరు దాటాక ఉన్నాయి.

"సంతకొచ్చినోళ్ళం టికెట్టు కొని లోపలికెల్లి కూకోవాలా?" అని మరొకామె నవ్వింది. అందరూ నవ్వారు. పార్కింగ్ ఎక్కడ పెడుతున్నారో మ్యాపులో చూపించాక ఆ నవ్వు ఆగిపోయింది. అది సంత జరిగే మైదానంలో సగం.

ఆడవాళ్ళకు మూలధన వ్యయం అంటే ఏమిటో చెప్పడానికి నేను కాలేజీలో చెప్పిన నిర్వచనం పనికి రాలేదు. రోలు గుర్తొచ్చింది. రోలు కొనడం ఒక ఖర్చు. ఒకసారి కొంటే కూతురి కాలానికీ ఉంటుంది. రుబ్బడం రోజూ జరగాలి. ప్రభుత్వం రోలు కొన్న రోజున శిలాఫలకం వేస్తుంది, ఫోటో తీస్తుంది. రుబ్బే వాళ్ళకు కూలి ఎంత, ఎన్నాళ్ళు అన్నది వేరే పద్దులో వెతుక్కోవాలి. చాలాసార్లు అది ఏ పద్దులోనూ ఉండదు. ఈ మాట చెప్పగానే వాళ్ళకు నాకంటే బాగా అర్థమైంది. "అంటే గేటు కట్టడానికి డబ్బులున్నాయి, ఊడ్సడానికి లేవు" అంది ఇంకో పర్యాటక స్థలంలో రోజుకూలి మీద ఊడ్చే ఆమె. తనకు మూడు నెలలుగా కూలి రాలేదట.

ఇది ఒక్క పార్కు లోపం కాదు. పంచాయతీ నిధుల నిబంధనల్లోనే ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే వాడాలన్నారు. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు గానీ, జీతాలకూ కార్యాలయ ఖర్చులకూ వాడకూడదన్న షరతు పెట్టారు. నిధులు జీతాలకే అయిపోతాయన్న భయం అర్థం చేసుకోదగిందే. కానీ ఫలితం ఏమిటంటే, సిమెంటు పనికి డబ్బు సులువుగా దొరుకుతుంది, మనిషి పనికి దొరకదు. సిమెంటు పని కాంట్రాక్టరుకు వెళుతుంది. ఊడ్వడం, కడగడం, నీళ్ళు పట్టడం, మొక్కలకు పోయడం ఆడవాళ్ళకు వస్తాయి. ఇంట్లో చాకిరీకి లెక్క లేనట్టే బయట కూడా ఆ చాకిరీకి పద్దు లేదు.

అరకులో ఒకరి వినోదం మరొకరి పని అన్నది కంటికి కనిపిస్తుంది. పర్యాటకుల సీజను నవంబరు నుంచి జనవరి దాకా. సరిగ్గా ఆ నెలల్లోనే లోయలో కాఫీ పండ్లు కోతకొస్తాయి, వరి ఇంటికి చేరుతుంది. వలిసెలు పసుప్పచ్చగా పూసేదీ ఆ ముందూ వెనకలే. వలిసె చేలోకి దిగి ఫోటోలు తీసుకునేవాళ్ళ దగ్గర రైతు కుటుంబాలు తలా ఇంత అని వసూలు చేయడం ఇప్పుడు మామూలైపోయింది. పర్యాటకులు విసుక్కుంటారు, "పొలం చూడటానికి కూడా డబ్బులా?" అని. తొక్కిన చేను ఎవరిది? పూలు రాలితే నూనె గింజ తగ్గేది ఎవరికి? అది నిజానికి లోయలో ఆడవాళ్ళు తమంతట తాము పెట్టుకున్న పార్కు రుసుము. ఏ శాఖా మంజూరు చేయకపోయినా వాళ్ళకు లెక్క తెలుసు.

థింసా సంగతీ అంతే. ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, ఒకే అడుగుగా కదిలే ఆ ఆట పండగల్లో, పెళ్ళిళ్ళలో ఆడుకోవడానికి పుట్టింది. ఇప్పుడు రిసార్టు పచ్చికలో, ఉత్సవాల వేదికల మీద వచ్చిన వాళ్ళ కోసం ఆడుతున్నారు. డబ్బు వస్తోంది, రావాలి కూడా. కళకు కూలి అడగడం చిన్నతనమని నేను అనను. అయితే బడ్జెట్ కాగితంలో థింసా "సాంస్కృతిక కార్యక్రమాలు" అనే పద్దు కింద ఉంటుంది. వాళ్ళు అలసిపోయిన సాయంత్రం తమకోసం ఆడుకునే స్థలానికి మాత్రం ఏ పద్దూ ఉండదు. ఆ వరండాలో ఒకామె చెప్పింది: "కొలువులాగ ఆడతాం గదమ్మా, ఇంటికొచ్చీసరికి కాళ్ళు లాగుతాయి. మా పండక్కి ఆడబుద్ధి కాదు."

తీరిక అనేది గాలిలో తేలే మాట కాదు, నిమిషాల్లో కొలవచ్చు. 2024లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2019లో ఇవి 299, 97. అయిదేళ్ళలో ఇద్దరి పనీ దాదాపు ఒకేలా తగ్గింది, మధ్యలో అగాధం అలాగే ఉంది. ఈ అంకెలు దేశమంతటివి. కొండ మీది ఊటనుంచి నీళ్ళు మోసే, కట్టెలు ఏరే స్త్రీ రోజు వీటికంటే పొడవే గానీ పొట్టి కాదు.

మరి ఇంత పనిలో ఆదివాసీ స్త్రీలకు తీరిక బొత్తిగా లేదా? ఉంది. మనం వెతికే చోట లేదు. నేను మూడు నాలుగు వారాలు వరసగా సంత రోజున అక్కడ కూర్చున్నాక గానీ అది నాకు కనపడలేదు. సంతకు వచ్చేది అమ్మడానికీ కొనడానికీ మాత్రమే అనుకుంటాం. అల్లం, పసుపు, చింతపండు, రాజ్‌మా అమ్ముడైపోవడానికి రెండు గంటలు పడుతుంది. ఆడవాళ్ళు మాత్రం పొద్దు వాలేదాకా ఉంటారు. పెళ్ళై వేరే ఊరెళ్ళిన కూతుర్ని తల్లి కలుసుకునేది సంతలోనే. అక్కచెల్లెళ్ళు కష్టసుఖాలు చెప్పుకునేదీ, పిల్లకు సంబంధం చూసేదీ, తలలో కొత్త క్లిప్పు పెట్టుకుని ఒకరినొకరు చూసుకుని మురిసేదీ అక్కడే. మన పట్నాల పార్కుల్లో ఆడవాళ్ళు ఏదో ఒక కారణం చూపించి కూర్చోవాలి. పిల్లల్ని ఆడించడానికో, డాక్టరు నడవమన్నాడనో. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో ముంబయి స్త్రీల గురించి రాసిన పుస్తకం ఈ విషయం మీదే: ఏ పనీ లేకుండా బజారులో నిలబడే హక్కు. లోయ స్త్రీలకు సంత ఆ హక్కును ఎప్పుడో ఇచ్చింది. వారానికి ఒకరోజు ఎవరూ "ఎందుకొచ్చావు?" అని అడగని చోటు అది.

అంటే లోయలో స్త్రీలకు పార్కు ఉంది. దానికి గోడ లేదు, ఆర్చి లేదు, అందుకే ప్రణాళిక వేసేవాళ్ళకు అది ఖాళీ స్థలంలా కనిపించి పార్కింగ్ గీశారు.

ఆ పార్కుకు లేనివి ఏమిటో ఆడవాళ్ళు చకచకా చెప్పారు. వానకు నిలబడే నీడ లేదు. చుట్టుపక్కల మరుగుదొడ్డి లేదు, అందుకని పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉంటారు. చీకటి పడితే దీపం లేదు. మరోపక్క సంతకు ఆదాయం ఉంది. మూట దించినందుకు ఆశీలు కట్టాలి. ఆశీలు వసూలు హక్కును వేలం వేస్తారు, పాట పాడిన కాంట్రాక్టరు మనుషులు రసీదు పుస్తకంతో తిరుగుతారు. బుట్టెడు అల్లం తెచ్చిన ఆడమనిషి కూడా కడుతుంది. ఏళ్ళ తరబడి కడుతున్న ఆ డబ్బులోంచి సంతకు ఒక్క రేకు కూడా తిరిగి రాలేదు.

పెసా చట్టం చేతిలో ఉన్నది ఇందుకే. నాలుగో సెక్షన్ ప్రకారం గ్రామంలో అభివృద్ధి పనులు మొదలుపెట్టే ముందు గ్రామసభ వాటిని ఆమోదించాలి. ఖర్చయ్యాక నిధులు సరిగా వాడారని ధ్రువపత్రం కూడా గ్రామసభే ఇవ్వాలి. అదే సెక్షన్లో గ్రామ సంతల నిర్వహణ అధికారం, ఉప ప్రణాళికతో సహా స్థానిక ప్రణాళికల మీద, వాటి వనరుల మీద అదుపు గురించి కూడా స్పష్టంగా రాసి ఉంది. మన రాష్ట్రంలో దీనికి 1998లో చట్టం, 2011లో నిబంధనలు వచ్చాయి. సంత మైదానాన్ని పార్కింగ్‌గా మార్చాలంటే గ్రామసభను అడగకుండా కుదరదు. ఈ వాక్యాన్ని మా పాత శిష్యురాలు మూడుసార్లు చదివి వినిపించింది.

ఇక్కడ అందరూ ఒక్కమాట మీద నిలబడ్డారని రాస్తే బావుంటుంది, కానీ అలా జరగలేదు. రోడ్డు పక్కన బొంగులో చికెన్ అమ్మే ఆడవాళ్ళు పార్కింగ్ కావాలన్నారు. కార్లు ఆగితేనే వాళ్ళకు బేరం. "మీ సంత వారానికోరోజు, మా పొయ్యి రోజూ ఎలగాలి" అంది ఒకామె. ఆ మాటలో తప్పేముంది? చదువుకుంటున్న అమ్మాయిలు ఊయలలూ, వాలీబాల్ కోర్టూ కావాలన్నారు. ఆశ్రమ పాఠశాలలో ఉన్నన్నాళ్ళూ ఆడారట, సెలవులకు ఊరొస్తే మైదానమంతా మగపిల్లల క్రికెట్. పెద్దవాళ్ళేమో ముందు నీడ, తర్వాత ఆటలు అన్నారు. స్త్రీలందరి అవసరం ఒకటే అనుకుని ప్రణాళిక వేయడం కూడా ఒకరకమైన ఏలుబడే. నలభై మందిలో నాలుగు రకాల తీరిక ఉంది.

అమ్మాయిల మాట వింటుంటే నాకు వియన్నా గుర్తొచ్చింది. 1990ల మధ్యలో ఆ నగరపాలక సంస్థ పార్కుల్లో అధ్యయనం చేయిస్తే, తొమ్మిదేళ్ళు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోందని తేలింది. ఉన్న ఒక్క పెద్ద మైదానాన్ని మగపిల్లలు ఆక్రమించుకుంటున్నారు. పోట్లాడలేక ఆడపిల్లలు ఇంటికి పోతున్నారు. 1999లో రెండు పార్కుల్ని తిరిగి రూపొందించి పెద్ద మైదానాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీశారు, వాలీబాల్, బాడ్మింటన్‌లకు చోటిచ్చారు, నడకదారులు మెరుగుపరిచారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. అందుకు కావలసింది పెద్ద నిధులు కాదు. గీత గీసే ముందు ఆడపిల్లల్ని అడిగారు, అంతే. మన దగ్గర కూడా ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు స్థానిక సంస్థల ప్రణాళిక నిధుల్లో కనీసం 10 శాతం స్త్రీల కోసం కేటాయించాలన్న నియమం తెచ్చింది. కేంద్రం 2005-06 నుంచి బడ్జెట్‌తోపాటు జెండర్ బడ్జెట్ ప్రకటన ఇస్తోంది. ఆ ప్రకటనలో పథకాల పేర్లు ఉంటాయి. సంతలో గడియ ఉన్న మరుగుదొడ్డి తలుపు ఉందో లేదో ఆ ప్రకటన చెప్పదు. అది ఊళ్ళోనే రాయాలి.

ఆ సాయంత్రం వరకూ కూర్చుని తీర్మానం రాశారు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్ల రాసింది. పార్కింగ్‌ను సంత మైదానంలోంచి తీసి రోడ్డు అవతల బొంగు చికెన్ పొయ్యిల పక్కకు మార్చాలి. మైదానంలో చుట్టూ అరుగు ఉన్న రేకుల షెడ్డు కట్టాలి. ఆరు మరుగుదొడ్లు, లోపల గడియ, పైన నీళ్ళ ట్యాంకు. రెండు దీపాలు. బడి వెనక ఖాళీ స్థలంలో ఊయలలు, ఆడపిల్లల వాలీబాల్ కోర్టు, దానికి టికెట్టు లేదు. ఊడ్చేవాళ్ళ కూలి ఆశీలు ఆదాయంలోంచి నెలనెలా ఇవ్వాలి. చివరి అంశం నేను చెప్పింది కాదు. మూడు నెలల కూలి రాని ఆమె చెప్పింది. అర్థశాస్త్రం తెలిసిన వాళ్ళెవరూ ఇంతకంటే బాగా చెప్పలేరు. గ్రాంటు డబ్బుతో జీతం ఇవ్వకూడదంటే, సొంత ఆదాయంతో ఇవ్వండి. మరుగుదొడ్లకు పారిశుద్ధ్యం నిధులున్నాయి, షెడ్డుకు మిగతా నిధులున్నాయి, నడిపే చేతులకు సంతే కూలి ఇస్తుంది. ఎవరినీ దేబిరించే పని లేని ప్రణాళిక అది.

ఆర్చి వద్దని ఎవరూ అనలేదు. "అది కట్టుకోండి, పర్లేదు. ముందు దొడ్లు కట్టాక" అన్నారు.

ఆ తర్వాతి కథ ఆఫీసుల కథ. సంబంధిత కార్యాలయంలో తీర్మానం ప్రతి రెండుసార్లు కనిపించకుండా పోయింది. మూడోసారి పదిమంది ఆడవాళ్ళు వెళ్ళి, జిరాక్సు మీద ముద్ర వేయించుకుని, తేదీ రాయించుకుని వచ్చారు. పార్కింగ్ మారింది. షెడ్డు లేచింది, అరుగు మాత్రం మూడువైపులే వచ్చింది. మరుగుదొడ్లు కట్టారు, నీళ్ళ పైపు ఇంకా రాలేదు, అందుకని తాళం వేసి ఉన్నాయి. వాలీబాల్ స్తంభాలు పాతారు. ఆశీలు వేలం షరతుల్లో ఊడ్చేవాళ్ళ కూలి చేర్చాలన్న మాట మీద ఇంకా పోట్లాట నడుస్తోంది. గెలిచారా అంటే చెప్పడం కష్టం. సంత మాత్రం ఉన్నచోటే ఉంది.

ఈ పోట్లాటకు లోయ స్త్రీలకు నా పాఠం అవసరమైందని నేను అనుకోవడం లేదు. చైత్రంలో ఇటుకల పండగప్పుడు మగవాళ్ళు వేటకు వెళితే, ఏజెన్సీలో ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్రో తాడో పట్టి వచ్చేపోయే బళ్ళను ఆపి డబ్బు అడుగుతారు. పాట పాడతారు, ఆడతారు, ఇచ్చేదాకా వదలరు. విశాఖ నుంచి వెళ్ళే కార్ల వాళ్ళకు అది చిరాకు. నాకు మాత్రం అది లోయలో అన్నిటికంటే పాత వినోద బడ్జెట్‌గా కనిపిస్తుంది. మా ఊరి దారిన పోతున్నావు, మా పండక్కి నీ వంతు ఇచ్చిపో. పర్యాటక రంగం ఏడాది పొడవునా ఆ దారిన పోతూనే ఉంది.

ఆ వంతు ఎంత అన్నదానికి మన న్యాయస్థానాలు ఒకప్పుడు ఒక అంకె చెప్పాయి. బొర్రా చుట్టుపక్కల అనంతగిరి కొండల్లో గనుల లీజుల మీద సాగిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997 జులై 11న తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ఆదివాసేతరులకు లీజుకివ్వడం చెల్లదంది. తవ్వకం జరిగే చోట నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం నీటికీ, బడికీ, వైద్యానికీ, అడవికీ పక్కన పెట్టాలని కూడా చెప్పింది. కొండలోంచి రాయి తీసుకెళ్ళేవాడు వంతు ఇవ్వాలన్నప్పుడు, కొండ అందాన్ని టికెట్టు మీద అమ్మేవాళ్ళు ఎందుకివ్వకూడదు? పొగమంచు తవ్వితే తరిగేది కాదు నిజమే. కానీ దాన్ని చూడటానికి వచ్చే వేలమంది తాగే నీరు, వదిలే ప్లాస్టిక్, ఆక్రమించే రోడ్డు లోయ స్త్రీల రోజులోంచే తరుగుతాయి.

ఈ పత్రిక చదివే మనలో ఎక్కువమందిమి పట్నాల్లో ఉంటాం. మనకు మునిసిపాలిటీ ఉంది, పార్కుల పద్దు ఉంది, అది ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కౌన్సిల్ ముందుకు వస్తుంది. మనం దాన్ని చదవం. అందులో మూలధనం కింద ఎన్ని ఫౌంటెన్లు ఉన్నాయో, నిర్వహణ కింద ఎంతమంది ఊడ్చే స్త్రీలున్నారో, వాళ్ళు పర్మనెంటో కాంట్రాక్టో, వాళ్ళు కూర్చునే చోటు ఎక్కడో మనం అడగం. మన వీధిలో కూరలమ్మే ఆమె మధ్యాహ్నం ఏ చెట్టు కింద అన్నం తింటుందో ఆ చెట్టు రోడ్డు వెడల్పు పద్దులో పోతుంది. మన తీరిక కోసం కట్టిన వాకింగ్ ట్రాక్ ఆమె బండి నిలిపే చోటు మీదుగా వెళుతుంది.

తనకంటూ ఒక గది కావాలన్న మాట మన సాహిత్యంలో బాగా స్థిరపడింది. అది మనకు చాలా ఇచ్చింది. అయితే గది తలుపు వేసుకుంటే దొరికే తీరిక ఒకటి, పదిమందితో కలిసి అరుగు మీద కూర్చుంటే దొరికే తీరిక మరొకటి. రెండోదానికి సొంత ఆస్తి అక్కర్లేదు, అందరి ఆస్తి కావాలి. అందరి ఆస్తి ఎలా పుడుతుందో, ఎవరి చేత నడుస్తుందో, ఎవరి చేతిలోంచి జారిపోతుందో రాసి ఉండేది బడ్జెట్‌లోనే. ఈసారి ఆ పేజీ తిప్పేయకుండా చదువుదాం. అందులో మన పక్కన కూర్చోవలసిన స్త్రీ పేరు లేకపోతే, కూర్చునే చోటు ఎక్కడని అడుగుదాం.